లెవెల్ బాగానే ఉంది, పంపు పట్టేసింది: 70 టన్నుల పిప్పి బాయిలర్ ఫీడ్ పంపు కేసు

కోస్తాంధ్రలోని ఒక చక్కెర ఫ్యాక్టరీ కోజనరేషన్ ప్లాంట్‌ది (ఒకే స్టీమ్‌తో కరెంటూ, ప్రాసెస్‌కి వేడీ తీసే ప్లాంటు) ఈ కేసు. పేరు అవసరం లేదు. ఈ సైజు ప్లాంట్లు చాలావాటిలో ఇదే అమరిక ఉంటుంది కాబట్టి, అంకెల్ని ఆ తరగతికి సరిపోయేలా గుండ్రం చేసి ఇచ్చాం. ఫిర్యాదు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: క్రషింగ్ సీజన్‌లో మిల్లు గానీ టర్బైన్ గానీ ఉన్నట్టుండి ఆగినప్పుడల్లా ఫీడ్ పంపు (బాయిలర్‌కి నీళ్లు తోసే పంపు) బాలెన్స్ డిస్క్ (రోటార్ ఒక పక్కకి తోసుకుపోకుండా ఆపే పళ్లెం) పోతోంది, ఒక్కోసారి రోటార్ మొత్తం పట్టేస్తోంది. డిస్క్ మార్చి నడిపిస్తే మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. మళ్లీ ఒక పెద్ద స్టాపేజీ వస్తే మళ్లీ అదే కథ.

డిస్క్ మెటీరియల్ నాసిరకమని స్టోర్స్ మీద, ఫిటింగ్ సరిగ్గా లేదని మెకానికల్ వాళ్ల మీద, డీఏరేటర్ (ఫీడ్ నీళ్లలోని గాలిని స్టీమ్‌తో తరిమి, పంపుకి నీళ్లు నిల్వ ఉంచే ట్యాంకు) లెవెల్ చూడలేదని ప్యానెల్ ఆపరేటర్ల మీద నింద పడింది. ట్రెండ్ (రీడింగులు కాలంతో ఎలా మారాయో చూపే గ్రాఫ్) తీస్తే లెవెల్ ఎప్పుడూ 60 శాతానికి తగ్గలేదు. కేసుకి కీలకం అదే: లెవెల్ నిండుగా ఉండగానే పంపుకి నీళ్లు అందలేదు.

ప్లాంట్ వివరాలు

బాయిలర్ గంటకు 70 టన్నులు, 67 బార్, 485 డిగ్రీలు, ఇంధనం చెరకు పిప్పి. ఫీడ్ పంపులు రెండు, ఒకటి నడిస్తే ఒకటి స్టాండ్‌బై. రెండూ 12 స్టేజీల రింగ్ సెక్షన్ పంపులు (స్టేజీల్ని వరుసగా పేర్చి పొడవాటి టై బోల్టులతో బిగించినవి): 85 ఘ.మీ/గంట, 960 మీటర్ల హెడ్ (నీళ్లని ఎంత ఎత్తుకి తోయగలదో ఆ లెక్క), 2980 ఆర్‌పీఎం, 375 కిలోవాట్ల మోటారు. ఫుల్ లోడ్‌లో పంపు గుండా వెళ్లేది 77 ఘ.మీ/గంట. ఆ స్థితిలో మోటారు 530 ఆంపియర్ల దగ్గర ఉంటుంది.

డీఏరేటర్ 1.5 బార్ గేజ్ మీద, అంటే గాలి ప్రెజర్ కూడా కలిపితే 2.5 బార్ అబ్సల్యూట్ మీద నడుస్తుంది. నీటి ఉష్ణోగ్రత 127.4 డిగ్రీలు. స్టీమ్ వచ్చేది ఎవాపరేటర్లకి (చెరకు రసాన్ని చిక్కబరిచే పాత్రలు) వెళ్లే ఎగ్జాస్ట్ హెడర్ (టర్బైన్ వదిలిన స్టీమ్ పైపు) నుంచే. స్టోరేజ్ ట్యాంకు 20 ఘ.మీ, నార్మల్ లెవెల్‌లో 13 ఘ.మీ నీళ్లు, బరువులో 12.2 టన్నులు. నీటి మట్టం నుంచి పంపు సెంటర్ వరకు ఎత్తు 9 మీటర్లు. సక్షన్ పైపు 200 ఎంఎం, పొడవు 26 మీటర్లు, అందులో పట్టే నీళ్లు 0.84 ఘ.మీ. ఈ చివరి అంకె ఏ డేటా షీట్‌లోనూ కనిపించదు. అసలు సంగతంతా దాని దగ్గరే ఉంది.

డిజైన్ కాగితం మీద లెక్క ఇలా ఉంది: ట్యాంకులో నీళ్లు మరిగే ఉష్ణోగ్రత మీదే ఉంటాయి కాబట్టి పై ప్రెజర్, ఆవిరి ప్రెజర్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది ఎత్తు, అందులోంచి పైపు నష్టం. 9 మీటర్లలో 1 మీటరు తీసేస్తే ఉన్న ఎన్‌పీఎస్‌హెచ్ (పంపు నోటి దగ్గర ప్రెజర్ నీళ్లు మరిగే ప్రెజర్ కన్నా ఎంత ఎక్కువుందో చెప్పే కొలత) 8 మీటర్లు. రేటెడ్ ఫ్లో దగ్గర పంపుకి కావాల్సింది 4.5. మిగులు 3.5 మీటర్లు, బాగానే ఉందనిపిస్తుంది. ఈ లెక్కలో తప్పు లేదు, నిలకడగా నడుస్తున్నంతసేపు.

పంపు లోపల తోపుడు ఎవరు ఆపుతున్నారు

రింగ్ సెక్షన్ పంపులో ఇంపెల్లర్లన్నీ (నీళ్లని విసిరే చక్రాలు) ఒకే వైపు చూస్తాయి. ప్రతి స్టేజీలో వెనక ష్రౌడ్ (ఇంపెల్లర్ పలక) మీద ప్రెజర్ ముందు వైపుకన్నా ఎక్కువ కాబట్టి రోటార్ మొత్తం సక్షన్ వైపుకి తోసుకుపోతుంది. వేర్ రింగు 135, హబ్ 65 ఎంఎం వ్యాసాలు తీసుకుని 12 స్టేజీలకి లెక్కిస్తే ఆ బలం 8 టన్నుల దరిదాపుల్లో తేలుతుంది. ఏ మామూలు బేరింగూ దీన్ని రోజంతా మోయలేదు. మోసేది డిశ్చార్జి చివర ఉన్న బాలెన్స్ డిస్క్.

చివరి స్టేజీ నుంచి కొద్దిపాటి నీళ్లు బుష్ సందులోంచి డిస్క్ లోపలి వైపు చాంబర్‌లోకి చేరి డిస్క్‌ని బయటికి, అంటే డిశ్చార్జి వైపుకి నెడతాయి. ఆ నీళ్లు డిస్క్‌కి, సీటుకి మధ్య ఉన్న సన్నటి సందు గుండా జారి బాలెన్స్ లైన్‌లో బయటపడతాయి. రోటార్ కొంచెం సక్షన్ వైపు జరిగితే సందు తగ్గుతుంది, లీకేజీ తగ్గుతుంది, చాంబర్‌లో ప్రెజర్ పెరుగుతుంది, రోటార్ వెనక్కి వస్తుంది. తనను తాను సర్దుకునే ఏర్పాటు. సందు 0.1 ఎంఎం దరిదాపుల్లో ఉంటుంది. ఆ సందులో నీళ్లు నీళ్లుగా ఉన్నంతసేపు డిస్క్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఆవిరైతే మోసే పొర ఉండదు. నిమిషానికి 2980 చుట్లు తిరిగే డిస్క్ వెళ్లి సీటుని రుద్దుతుంది.

ఈ ప్లాంట్‌లో బాలెన్స్ లైన్ తిరిగి డీఏరేటర్‌కే వెళ్తుంది. మంచి పద్ధతే. పంపు సక్షన్‌కి కలిపితే వేడెక్కిన నీళ్లు అక్కడే తిరుగుతాయి. కానీ డీఏరేటర్‌కి కలిపినప్పుడు డిస్క్ బయటి వైపు ప్రెజర్ డీఏరేటర్ ప్రెజర్‌తో కట్టేసినట్టే. అది పడితే ఇదీ పడుతుంది.

విప్పి చూస్తే కనిపించినవి

డిస్క్, సీటు ముఖాల మీద చుట్టూ లోతైన గీతలు, నీలం రంగు తిరిగిన వేడి మచ్చలు. డిశ్చార్జి వైపు చివరి స్టేజీల వేర్ రింగులు ఒక పక్కే రుద్దుకున్నాయి. మొదటి స్టేజీ ఇంపెల్లర్ కంటి (నీళ్లు లోపలికొచ్చే నోరు) దగ్గర పిటింగ్ (చిన్న గుంటలు) ఉంది కానీ తేలిక. మెకానికల్ సీల్ కార్బన్ ముఖం అంచులు విరిగాయి, కాసేపు పొడిగా నడిచిన గుర్తు.

ఈ ఆనవాళ్లు కలిపి చదవాలి. ఎన్‌పీఎస్‌హెచ్ ఎప్పుడూ కొంచెం తక్కువగా ఉండే పంపులో మొదటి ఇంపెల్లర్ వేన్ల మొదట్లో స్పాంజిలా తిన్న మచ్చలు ఎక్కువగా ఉంటాయి, డిస్క్ మాత్రం బాగుంటుంది. చెత్త వచ్చి పడితే డిస్క్ ముఖం మీద అడ్డంగా, సుడిలా గీతలు పడతాయి, లోహపు తునకలు గుచ్చుకుని దొరుకుతాయి. పీహెచ్ తక్కువైన నీళ్లు తింటే ఉపరితలం నున్నగా, గుర్రపు నాడా ఆకారంలో కరిగినట్టు ఉంటుంది. చక్కెర కలిసిన కండెన్సేట్ (స్టీమ్ చల్లబడి మారిన నీళ్లు) వచ్చే ఫ్యాక్టరీల్లో కార్బన్ స్టీలు భాగాల మీద ఇది అరుదేం కాదు. ఇక్కడున్నది ఇవేవీ కాదు. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పంపు కొద్ది సెకన్లపాటు ఆవిరి మీద నడిచిన తీరు ఇది. కారణం నిలకడ స్థితిలో లేదని, మార్పు సమయంలో ఉందని ఆనవాళ్లే చెప్తున్నాయి.

డిస్క్ ఫోటో తీసి, మెటీరియల్ టెస్ట్‌కి పంపి, కొత్తది బిగించి ఫైలు మూసేయడం చాలా చోట్ల జరిగేదే. డిస్క్ ఎప్పుడూ బాధితురాలే. దాన్ని ప్రశ్నిస్తే నేరస్థుడు దొరకడు.

ట్రెండ్‌లో వరుస

డీసీఎస్‌లో (ప్లాంటుని నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఒక్కో సెకను నమూనాతో తీసిన ట్రెండ్‌ని, టర్బైన్ ట్రిప్ క్షణాన్ని సున్నాగా పెట్టి పరిచారు. ముందు ఎగ్జాస్ట్ హెడర్ ప్రెజర్ పడింది, డీఏరేటర్‌కి స్టీమ్ ఆగింది. ప్రాసెస్ కూడా ఆగడంతో ఎవాపరేటర్ల నుంచి వచ్చే వేడి కండెన్సేట్ నిలిచిపోయింది. లెవెల్ కంట్రోలర్ తన పని తాను చేసింది: 32 డిగ్రీల డీఎం వాటర్ (లవణాలు తీసిన నీళ్లు) మేకప్ వాల్వ్‌ని (తగ్గిన నీళ్లు భర్తీ చేసేది) నూరు శాతం తెరిచింది. గంటకు 60 టన్నులు. అదే సమయంలో డ్రమ్ (బాయిలర్‌లో నీళ్లు, స్టీమ్ విడిపోయే పాత్ర) లెవెల్ కంట్రోల్ వాల్వ్ మూసుకుంటూ వచ్చి పంపు ఫ్లో 77 నుంచి 30 ఘ.మీకి దిగింది. లెవెల్ గీత నిలకడగా ఉంది. పక్కనే ప్రెజర్ గీత 1.5 నుంచి 0.7 బార్‌కి జారింది. దాన్ని చూసేవాళ్లు లేరు, అలారం లేదు. నిమిషం దాటాక మోటారు ఆంపియర్లు 340 నుంచి 220కి పడటం, లేవడం మొదలైంది. డిశ్చార్జి ప్రెజర్ అదే తాళంలో ఊగింది. హెడర్ ప్రెజర్ తగ్గిందని స్టాండ్‌బై పంపు ఆటోలో లేచింది.

ట్యాంకులో ఏం జరిగిందంటే, నడుస్తున్న కుక్కర్ విజిల్ ఎత్తేస్తే లోపలి నీళ్లు ఎలా గుప్పున మరుగుతాయో అదే. చల్లటి నీళ్లు పై స్టీమ్‌ని మింగేశాయి, ప్రెజర్ పడింది, ట్యాంకు నీళ్లు మరిగి తాము కొంత చల్లబడ్డాయి. ట్యాంకులో కొత్త ప్రెజర్‌కి తగ్గ కొత్త ఉష్ణోగ్రత వచ్చింది. అక్కడితో సమస్య లేదు. సమస్య సక్షన్ పైపులో ఉన్న పాత నీళ్లది. అవి ఇంకా 127 డిగ్రీల మీదే ఉన్నాయి. వాటిని మరగకుండా ఆపే ప్రెజర్ మాత్రం పైన తగ్గిపోయింది. ఆ 0.84 ఘ.మీ పాత నీళ్లు పంపు దాటిపోయేదాకా గండం గడవదు.

లెక్క

ట్యాంకులో నీళ్లు బాగా కలుస్తాయనుకుంటే ఉష్ణోగ్రత పడే వేగానికి రెండే అంకెలు కావాలి: ట్యాంకులో బరువు 12,200 కేజీలు, మేకప్ సెకనుకి 16.7 కేజీలు. భాగిస్తే 730 సెకన్లు. ఇదే టైమ్ కాన్‌స్టంట్, ఇది ఎంత పెద్దదైతే ట్యాంకు అంత నెమ్మదిగా చల్లబడుతుంది. ట్యాంకుకి, మేకప్‌కి మధ్య తేడా 95 డిగ్రీలు. ఈ ఉష్ణోగ్రత దగ్గర 1 బార్ అంటే 10.9 మీటర్ల నీటి కాలమ్.

పంపు ఫుల్ ఫ్లోలో, 77 ఘ.మీ మీద ఉంటే పాత నీళ్లు 39 సెకన్లలో ఖాళీ అవుతాయి. ఆ సమయంలో ట్యాంకు 4.9 డిగ్రీలు పడుతుంది, ప్రెజర్ 0.35 బార్ తగ్గుతుంది, అంటే 3.8 మీటర్లు. 8 లోంచి తీస్తే 4.2. కావాల్సింది 4.5. అంచు మీద ఉన్నాం.

ఫ్లో 30 ఘ.మీకి తగ్గితే పైపు నష్టం 0.15 మీటర్లకి దిగుతుంది, పంపుకి కావాల్సింది కూడా 3 మీటర్లే. వినడానికి హాయిగా ఉంది. కానీ పాత నీళ్లు ఖాళీ కావడానికి 101 సెకన్లు పడుతుంది. ఆలోపు ట్యాంకు 12.3 డిగ్రీలు చల్లబడి 115 దగ్గరికొస్తుంది, ప్రెజర్ 0.81 బార్ పడుతుంది, అంటే 8.8 మీటర్లు. 9 లోంచి 0.15, 8.8 తీసేస్తే మిగిలింది దాదాపు సున్నా. పంపు కంటి దగ్గర నీళ్లు ఉడుకుతున్నాయన్నమాట.

లోడ్ తగ్గితే పంపుకి సుఖం అని అందరం అనుకుంటాం. డీఏరేటర్ ప్రెజర్ పడుతున్న వేళ అది తలకిందులవుతుంది. ఫ్లో ఎంత తగ్గితే పాత వేడి నీళ్లు పైపులో అంతసేపు నిలబడతాయి.

ఇంకో పొర ఉంది, చాలా రిపోర్టుల్లో కనిపించదు. డిస్క్ దాటి వచ్చే నీళ్లు సక్షన్ నీళ్లకన్నా వేడి. పంపు చేసిన పనంతా ఆ సందులో వేడిగా మారుతుంది. 30 ఘ.మీ దగ్గర హెడ్ 1030 మీటర్లు, ఎఫిషియెన్సీ 40 శాతం అనుకుంటే ఆ పెరుగుదల 6 డిగ్రీల లెక్కన వస్తుంది. 133.5 డిగ్రీల నీళ్లు 3.0 బార్ అబ్సల్యూట్ దగ్గరే మరుగుతాయి. డిస్క్ బయటి వైపు ఉండే ప్రెజర్ మామూలుగా 3.4. అంటే చేతిలో ఉన్నది 0.4 బార్. పైన చెప్పిన వేగంతో డీఏరేటర్ పడుతుంటే 45 సెకన్లలో అది అయిపోతుంది. సక్షన్ వైపు మిగులు అయిపోయేది 60 సెకన్ల తర్వాత. కాబట్టి ఇంపెల్లర్ కంటే ముందు డిస్క్ సందు ఉడుకుతుంది. మొదటి ఇంపెల్లర్ మీద పిటింగ్ తేలిగ్గా, డిస్క్ మీద దెబ్బ ఘోరంగా ఉండటానికి జవాబు ఇదే.

స్ట్రెయినర్ సంగతి కూడా చెప్పాలి. స్టాండ్‌బై పంపు సక్షన్ స్ట్రెయినర్‌లో కమిషనింగ్ నాటి సన్న జాలీ తీయకుండా ఉండిపోయింది. ఫుల్ ఫ్లోలో 0.15 బార్ తినేస్తోంది, అంటే 1.6 మీటర్లు. అసలు నేరం దానిది కాదు, కానీ ఉన్న కాస్త మిగుల్లో సగం దాకా అదే తినేసింది. తాత్కాలిక జాలీ తీసేశామని లాగ్‌బుక్‌లో సంతకం లేకపోతే అది లోపలే ఉందనుకోవడం మంచిది.

స్టాండ్‌బై పంపు సైతం దెబ్బ తినడానికి వేరే కారణం ఉంది. దాని వార్మప్ లైన్ వాల్వ్ మూసి ఉంది. కేసింగ్ పైభాగానికి, కిందిభాగానికి ఉష్ణోగ్రత తేడా వస్తే రోటార్, కేసింగ్ సన్నగా వంగుతాయి. 0.4 ఎంఎం వేర్ రింగు క్లియరెన్స్‌లో ఆ వంపుకి చోటు లేదు. అలాంటి పంపు 127 డిగ్రీల నీళ్లతో ఒక్కసారిగా లేస్తే రుద్దుకోక ఏం చేస్తుంది.

ఏం మార్చారు

డీఏరేటర్‌ని మరో 4 మీటర్లు పైకెత్తడం ముందు వచ్చిన సూచన. స్ట్రక్చర్ పని, ఆఫ్ సీజన్ మొత్తం పడుతుంది. సక్షన్ పైపుని 150 ఎంఎంకి తగ్గిస్తే పాత నీళ్లు 59 సెకన్లలోనే పోతాయి, కానీ ఫుల్ ఫ్లోలో పైపు రాపిడి నష్టం నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది, ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే. పెద్ద థర్మల్ యూనిట్లలో మెయిన్ పంపు ముందు బూస్టర్ పంపు పెట్టేది ఈ మిగులు కోసమే. ఈ సైజు ప్లాంట్‌కి అది మరో పంపు, మరో తలనొప్పి. ప్రెజర్ పడే వేగాన్ని తగ్గించడమే చవక, నమ్మకం.

మొదటిది మేకప్ హద్దు. టర్బైన్ ట్రిప్ సిగ్నల్ రాగానే, లేదా డీఏరేటర్ ప్రెజర్ 1.3 బార్ కిందికి దిగగానే, మేకప్ వాల్వ్ గరిష్ఠ ఓపెనింగ్ గంటకు 20 టన్నులకి సరిపోయేంత దగ్గర ఆగిపోతుంది. అదే 101 సెకన్లలో ఇప్పుడు ట్యాంకు పడేది 4.3 డిగ్రీలు, ప్రెజర్ నష్టం 0.31 బార్, మిగిలే ఎన్‌పీఎస్‌హెచ్ 5.4 మీటర్లు. లెవెల్ పడిపోదా అని ఆపరేషన్ వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న. బాయిలర్ గంటకు 30 టన్నులు తీసుకుంటుంటే లోటు 10 టన్నులు. లో-లో లెవెల్ వరకు ఉన్న 7 ఘ.మీ నీళ్లతో అరగంటకు పైగా నడుస్తుంది. ఆ వేళకి స్టీమ్ వస్తుంది, లేదా బాయిలర్ ఆగుతుంది. మేకప్ బైపాస్ వాల్వ్‌కి తాళం వేశారు. లెవెల్ తగ్గుతోందని కంగారుపడి దాన్ని చేత్తో తెరవడం పంపుకి చేయగల అతి పెద్ద ద్రోహం.

రెండోది పెగ్గింగ్ స్టీమ్, అంటే డీఏరేటర్ ప్రెజర్ పడకుండా నిలబెట్టే స్టీమ్. మెయిన్ స్టీమ్ నుంచి పీఆర్‌డీఎస్ (స్టీమ్ ప్రెజర్, వేడి తగ్గించే స్టేషన్) ద్వారా డీఏరేటర్‌కి లైన్ మొదటి నుంచీ ఉంది. వాల్వ్ పాసింగ్ అవుతోందని (మూసినా కారుతోందని) ఐసొలేట్ చేసి వదిలేశారు. టర్బైన్ ట్రిప్ అయినప్పుడు స్టీమ్ మిగిలిపోయి స్టార్టప్ వెంట్‌లోంచి ఆకాశంలోకి పోతుంటుంది, కింద డీఏరేటర్ స్టీమ్ లేక చల్లబడుతుంటుంది. వాల్వ్ సీటు ల్యాప్ చేసి (నున్నగా రుద్ది), ఆటోలో 1.3 బార్ సెట్ పాయింట్‌తో పెట్టారు. గంటకు 20 టన్నుల చల్లటి నీళ్లని 127 డిగ్రీలకి తేవాలంటే 3.5 టన్నుల స్టీమ్ కావాలి. 60 టన్నులకైతే 10.5 కావాలి, ఆ లైన్‌కి అంత సత్తా లేదు. అందుకే మేకప్ హద్దు లేకుండా పెగ్గింగ్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే చాలదు.

మూడోది కొలత. పంపు సక్షన్ దగ్గర ప్రెజర్ ట్రాన్స్‌మిటర్ ఉంది, ఉష్ణోగ్రతకి ఆర్‌టీడీ (ఉష్ణోగ్రత సెన్సర్) లేదు. ఒకటి పెట్టి, ఆ ఉష్ణోగ్రత దగ్గరి ఆవిరి ప్రెజర్‌ని డీసీఎస్‌లో లెక్కించి, సక్షన్ అబ్సల్యూట్ ప్రెజర్‌లోంచి తీసేసి మీటర్లలో చూపిస్తున్నారు. దాని పేరు ప్యానెల్ మీద "సక్షన్ మిగులు". ఇది ఉన్న ఎన్‌పీఎస్‌హెచ్, పంపుకి కావాల్సింది ఇందులోంచి తీయలేదు. 5 మీటర్ల దగ్గర అలారం. ఉత్త లో-సక్షన్-ప్రెజర్ స్విచ్ ఈ పని చేయలేదు. 2.5 బార్ అనేది 115 డిగ్రీల నీళ్లకి దండిగా సరిపోయే ప్రెజర్, 127 డిగ్రీల నీళ్లకి మరిగే అంచు.

ట్రిప్ పెట్టాలా వద్దా అన్నది తేలిక నిర్ణయం కాదు. పంపుని కాపాడుదామని ఆపేస్తే డ్రమ్ లెవెల్ పోతుంది. పిప్పి ఫీడర్లు ఆగినా గ్రేట్ మీద, రిఫ్రాక్టరీలో వేడి కొంతసేపు ఉంటుంది. బాయిలర్ ట్యూబుల ముందు పంపు ఖరీదు చిన్నది. కాబట్టి 2.5 మీటర్ల దగ్గర మొదట పిప్పి ఫీడర్లు ట్రిప్ అవుతాయి. పంపు ట్రిప్ మాత్రం మిగులు 1 మీటరు కిందికి వెళ్లి, మోటారు ఆంపియర్లు కూడా నో-లోడ్ దగ్గరికి పడితేనే, అంటే నీళ్లు ఎలాగూ వెళ్లనప్పుడే. కొందరు ఇంజినీర్లు దీన్ని ఒప్పుకోరు, పంపు ముందే ఆగాలంటారు. పట్టేసిన పంపు కూడా నీళ్లివ్వదన్న వారి వాదనలో బలం లేకపోలేదు. ఫీడర్లు ముందే ఆగిపోతున్నాయి కాబట్టి ఈ వరుసే మాకు సరి అనిపిస్తుంది.

స్టాండ్‌బై పంపుకి వార్మప్ లైన్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది: నడుస్తున్న పంపు డిశ్చార్జి నుంచి ఆరిఫైస్ గుండా కొద్ది నీళ్లు స్టాండ్‌బై కేసింగ్‌లోకి, అక్కడినుంచి సక్షన్ హెడర్‌లోకి. షిఫ్ట్‌కి ఒకసారి కేసింగ్ పైన, కింద కాంటాక్ట్ థర్మామీటర్ పెట్టి చూడాలి. తేడా 15 డిగ్రీలు దాటితే పంపు ఆటోకి తయారుగా లేనట్టే. షాఫ్ట్ వెనక్కి తిరుగుతుంటే నాన్-రిటర్న్ వాల్వ్ పాసింగ్. అలాంటి పంపుని స్టార్ట్ చేస్తే షాఫ్ట్, కప్లింగ్ రెండింటికీ ముప్పే.

మళ్లీ కట్టేటప్పుడు

రోటార్‌ని ముందు డ్రై అసెంబ్లీ చేసి, డిస్క్ లేకుండా మొత్తం ఫ్లోట్ (రోటార్ ముందుకీ వెనక్కీ జరిగే దూరం) కొలవాలి. ఈ పంపులో 7 ఎంఎం. డిస్క్ సీటుని తాకినప్పుడు రోటార్ అందులో సగం దగ్గర, అంటే ఇంపెల్లర్ నోరు డిఫ్యూజర్ నోటికి ఎదురుగా ఉండాలి. తేడా ఉంటే డిస్క్ వెనక స్పేసర్ ముఖం తీసి సరిచేయాలి, గాస్కెట్ మందం మార్చి కాదు. డిస్క్ ముఖం రనౌట్ (తిప్పితే కనిపించే ఊగు) 0.02 ఎంఎం లోపు. సీటుతో బ్లూ (నీలి రంగు ముద్ద) పెట్టి చూస్తే చుట్టూరా తెగకుండా 80 శాతం పైగా అంటాలి. షాఫ్ట్ రనౌట్ 0.03 ఎంఎం. రోటార్ బాలెన్సింగ్ ఐఎస్‌ఓ 21940 ప్రకారం జీ 2.5 గ్రేడ్. వేర్ రింగు క్లియరెన్స్ కొత్తప్పటికి రెట్టింపైతే రింగులు మార్చాల్సిందే. టై బోల్టులు ఎదురెదురుగా, విడతల్లో. పొడవు సాగుదల కొలిచి బిగించడం టార్క్ రెంచ్ కన్నా నమ్మకం.

అలైన్‌మెంట్ చల్లగా ఉన్నప్పుడు సున్నా పెట్టకూడదు. కాళ్ల మీద నిలబడే పంపు సెంటర్ ఎత్తు 355 ఎంఎం ఉంటే వేడికి 0.2 ఎంఎం పైకి లేస్తుంది, మోటారు 0.1. కాబట్టి మోటారుని చల్లగా 0.1 ఎంఎం ఎత్తులో పెట్టాలి. సక్షన్ ఫ్లాంజ్ బోల్టులు వదిలినప్పుడు డయల్ గేజ్ 0.05 ఎంఎం కన్నా ఎక్కువ కదిలితే పైపు పంపుని లాగుతోందని అర్థం. సపోర్టు చూడాలి, బోల్టు బిగించి దాచకూడదు.

ఏఆర్‌సీ వాల్వ్ (ఫ్లో బాగా తగ్గితే కొన్ని నీళ్లని తిరిగి డీఏరేటర్‌కి పంపేది) కూడా అప్పుడే విప్పారు. 26 ఘ.మీ కింద తెరుచుకోవాల్సిన బైపాస్ ట్రిమ్ (వాల్వ్ లోపలి భాగాలు) కోసుకుపోయి ఎప్పుడూ పాసవుతోంది. 90 బార్ నుంచి 3 బార్‌కి నీళ్లు దూకే చోటు అది, కోసుకుపోవడం వింత కాదు. రీసర్క్యులేషన్ పైపు ఎప్పుడూ వేడిగా ఉంటే, బాయిలర్ ఫ్లోకి తగినదానికన్నా ఆంపియర్లు ఎక్కువుంటే అనుమానం దాని మీదే. అది పూర్తిగా మూసుకుపోవడం ఇంకా ప్రమాదం. 25 ఘ.మీ దగ్గర పంపు లోపల నీళ్లు 4.5 డిగ్రీలు వేడెక్కితే, 5 ఘ.మీ దగ్గర 25 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. డిస్క్ సందు ముందే అంచు మీద ఉంది కదా.

పరీక్ష, ఆ తర్వాత చూడాల్సినవి

మార్పులయ్యాక సగం లోడ్‌లో డీఏరేటర్ స్టీమ్ వాల్వ్‌ని కావాలని మూసి, మేకప్ హద్దు, పెగ్గింగ్ ఆటోలో ఉంచి చూశారు. సక్షన్ మిగులు 6 మీటర్లకి పైనే నిలిచింది, ఆంపియర్లు ఊగలేదు. మొదట పెగ్గింగ్ వాల్వ్ తెరుచుకోవడానికి ఆలస్యం చేసింది. లైన్‌లో కండెన్సేట్ నిలిచి హ్యామర్ కొట్టింది. స్టీమ్ ట్రాప్ (కండెన్సేట్‌ని బయటికి తీసేది) చేర్చాక సర్దుకుంది. ఇలాంటి పరీక్షని ఫుల్ లోడ్‌లో మొదలుపెట్టొద్దు.

రోజూ రాయాల్సినవి నాలుగే: బాలెన్స్ లైన్ ప్రెజర్, దాని ఉష్ణోగ్రత సక్షన్ కన్నా ఎంత ఎక్కువ, షాఫ్ట్ చివర వేర్ ఇండికేటర్ గీత, స్ట్రెయినర్ డీపీ (దాన్ని దాటేటప్పుడు పడే ప్రెజర్). బాలెన్స్ లైన్ ప్రెజర్ నెమ్మదిగా పెరుగుతుంటే బుష్ అరుగుతోంది, లీకేజీ ఎక్కువైంది. ఇండికేటర్ గీత సక్షన్ వైపు జరుగుతుంటే డిస్క్ ముఖం అరుగుతోంది. తయారీదారు ఇచ్చిన హద్దుకి ముందే, ఒక ఆదివారం క్లీనింగ్ షట్‌డౌన్ చూసుకుని మార్చేయాలి. స్ట్రెయినర్ డీపీ 0.05 బార్ దాటితే శుభ్రం చేయాలి. బాలెన్స్ లైన్‌లో వాల్వ్ ఉంటే దాని హ్యాండ్‌వీల్ తీసేయండి. మెయింటెనెన్స్‌కి మూసి తెరవడం మరిచిపోతే పంపుకి మిగిలేది నిమిషాలే.

ఒక సందు ఇంకా మిగిలే ఉంది. పీఆర్‌డీఎస్ మరమ్మతులో ఉన్న రోజు పెగ్గింగ్ ఉండదు, మేకప్ హద్దు మీదే ఆధారపడాలి. ఆ రోజుల్లో డీఏరేటర్ లెవెల్‌ని 65 నుంచి 80 శాతానికి పెంచి నడపాలని, మేకప్ హద్దుని 12 టన్నులకి దించాలని షిఫ్ట్ ఇన్‌స్ట్రక్షన్‌లో చేర్చారు. ట్యాంకులో బరువు పెరిగితే టైమ్ కాన్‌స్టంట్ పెరుగుతుంది, ప్రెజర్ పడే వేగం తగ్గుతుంది. పీఆర్‌డీఎస్ పర్మిట్ మీద షిఫ్ట్ ఇంజినీర్ సంతకం పెట్టే ముందు ఈ రెండు సెట్టింగులూ మార్చారో లేదో ప్యానెల్‌లో చూసుకోవాలి.